ఒక్క చుక్క తప్పితే దేశం పేరే గల్లంతు

2009 అక్టోబర్ 12 రాత్రి స్వీడన్‌ల సైట్లు ఒక్కపారే దొరకకుంట పోయినయ్. ఏ సర్వరూ కాలిపోలె, ఎవ్వడూ దాడి చెయ్యలె. ఆ దేశం సైట్ల పేర్లు '.ఎస్‌ఈ' తోని ముగుస్తయ్. ఆ పేర్ల జాబితాను ఎప్పటిలెక్కనే కొత్తగ ఎక్కించిన్రు. దాన్ని తయారుజేసే ప్రోగ్రాం పేర్ల చివర చుక్క పెట్టలె. గంతే! 9 లక్షలకు పైన పేర్లు ఆగమైనయ్.

చుక్కకు గంత బలమెక్కడిది? సైటు పేరు అడిగితే అంకెల అడ్రసు చెప్పేటిదే డీఎన్‌ఎస్ సర్వర్. లినక్స్ మీద 'బైండ్' అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఏసుకుంటే మనమూ ఒకటి నడుపుకోవచ్చు. దాంట్ల రెండు ఫైళ్లు ముఖ్యం. మన సర్వర్ ఏ పేరుకు జవాబుదారో మొదటిది చెప్తది. రెండోది జోన్ ఫైల్. ఇండ్ల ముందుగాల ఎస్‌ఓఏ రికార్డు, తర్వాత నేమ్ సర్వర్లు ఏవో చెప్పే ఎన్‌ఎస్ రికార్డులు, ఆఖరికి పేరుకు అడ్రసు జతజేసే 'ఏ' రికార్డులు రాయాలె.

చుక్క పంచాయితీ ఇక్కడ్నే. చివర చుక్క ఉంటే పేరు పూర్తయినట్టు. లేకుంటే సర్వర్ తనంతట తానే జోన్ పేరు తగిలిస్తది. 'ఎన్‌ఎస్1.ఎగ్జాంపుల్.కామ్' అని చుక్క లేకుంట రాస్తే, 'ఎన్‌ఎస్1.ఎగ్జాంపుల్.కామ్.ఎగ్జాంపుల్.కామ్' అయి కూసుంటది. అసొంటి సర్వర్ యాడా ఉండదు.

ఇంకో రెండు జాగ్రత్తలు. ఫైల్ మార్చినప్పుడల్లా ఎస్‌ఓఏల సీరియల్ నంబర్ పెంచాలె; లేకుంటే రెండో సర్వర్ పాత అడ్రసులే చెప్తది. బయటోళ్ల కోసం లోకంల ఉన్న పేర్లన్నీ వెతికిపెట్టే 'రికర్షన్' బందువెట్టాలె; తెరిచి ఉంచితే మన సర్వర్‌ను అడ్డంపెట్టుకొని వేరేటోళ్ల మీద దాడి జేస్తరు.

స్వీడనోళ్లు తప్పును ఆ రాత్రే దిద్దిన్రు. అయినా తిప్పలు ఆగలె. ఎందుకంటే ఇంటర్నెట్ కంపెనీల సర్వర్లు ఒకపారి విన్న జవాబును టీటీఎల్ అనే గడువు అయ్యేదాక యాదిపెట్టుకుంటయ్. నోరుజారిన మాట లెక్కనే, తప్పు జవాబును ఎనక్కి తీస్కోలేం.

అందుకే పెద్ద మార్పుకు ముందురోజే టీటీఎల్ తగ్గించుండ్రి. ఫైల్ ఎక్కించే ముందు 'నేమ్డ్-చెక్‌జోన్' కమాండ్ కొట్టుండ్రి. చుక్క మరిచిన నేమ్ సర్వర్‌కు అడ్రసు లేదని అది అక్కడ్నే మొత్తుకుంటది. ప్రోగ్రాం రాసిందే గదా అని నమ్మి ఎక్కిస్తే ఏమైతదో స్వీడన్ చూసింది. ముందుగాల ఒక్క నిమిషం చూసుకునుడా, ఎనుక దినమంతా తిప్పలువడుడా? ఏది అగ్గువనో మీరే ఆలోచన చెయ్యుండ్రి.