పాత పికప్ ట్రక్కుల దీపాలు, వైరింగ్: సురక్షితంగా మార్చుకొనే విధానం

1940ల చివర విల్లీస్ జీపుల విడిభాగాలను తెప్పించి మహీంద్రా సంస్థ బొంబాయిలో కూర్చడం మొదలుపెట్టిన నాటి నుండి జీపు మన రోడ్లకు పరిచితమైన బండి అయింది. అదే వరుసలో 1965లో ఎఫ్.సి.-150 అనే పెట్రోలు ట్రక్కు వెలువడింది. డ్రైవరు సీటు ముందుకు జరిగి, వెనుక సరుకుకు ఎక్కువ చోటు మిగిలే ఈ చిన్న ట్రక్కు బొగ్గు గనులు, టేకు అడవులు, కాగితపు మిల్లు గల చంద్రపూర్–బల్లార్‌పూర్ వంటి ప్రాంతాల అవసరాలకు తగిన బండి. అటువంటి వాహనాలను తుక్కుకు అమ్మివేయక, తుప్పు వదిలించి, ఇంజను బాగుచేయించి, కొత్త రంగు వేయించి భద్రపరచుకొనే యజమానులు నేడు అక్కడక్కడ కనిపిస్తారు.

ఈ పునరుద్ధరణలో తరచుగా చివరికి మిగిలిపోయేది విద్యుత్ వ్యవస్థ. మెరిసే రంగు కింద అర్ధ శతాబ్దం నాటి వైర్లు అలాగే ఉండిపోతాయి. పగటిపూట ప్రదర్శనలో ఈ లోపం ఎవరికీ కనిపించదు. రాత్రి రోడ్డు మీదనే బయటపడుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక్క సెకనులో సుమారు 17 మీటర్లు సాగిపోతుంది. మసక దీపం 30 మీటర్ల దూరం వరకే చూపగలిగితే, డ్రైవరుకు మిగిలే వ్యవధి రెండు సెకన్లయినా ఉండదు. మూల్ వైపు అడవి దారిలో రోడ్డు దాటే వన్యప్రాణులు, ఘుగుస్ దారిలో ఆగి ఉన్న బొగ్గు లారీలు, చైత్రమాసంలో మహాకాళి జాతరకు వచ్చే యాత్రికులు ఆ రెండు సెకన్ల మీదనే ఆధారపడి ఉంటారు.

వెలుగు ఎందుకు తగ్గుతుంది

పాత బండి దీపాలు మసకగా ఉంటే చాలామంది ముందుగా బల్బును నిందిస్తారు. నిజానికి లోపం ఎక్కువ సందర్భాలలో బల్బు వరకు చేరే దారిలో ఉంటుంది. ఫిలమెంటు బల్బుకు అందే వోల్టేజి పదో వంతు తగ్గితే, దాని వెలుగు పదో వంతు కాదు, సుమారు 30 శాతం తగ్గిపోతుంది. పాత పద్ధతిలో బ్యాటరీ నుండి బయలుదేరిన కరెంటు అంతా డాష్‌బోర్డు మీది స్విచ్చికి వెళ్లి, అక్కడి నుండి కాలితో నొక్కే డిప్పర్ స్విచ్చి మీదుగా దీపాలకు చేరుతుంది. ఈ పొడవైన దారిలో ప్రతి కీలూ, ప్రతి స్విచ్చీ కొంత వోల్టేజిని మింగుతుంది.

ఒక లెక్క దీనిని స్పష్టం చేస్తుంది. 1 చదరపు మిల్లీమీటరు మందం గల రాగి వైరు 5 మీటర్ల పొడవున 10 ఆంపియర్ల కరెంటును మోస్తే, సుమారు 0.9 వోల్టు దారిలోనే పోతుంది. అదే పొడవులో 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే నష్టం 0.35 వోల్టుకు తగ్గుతుంది. అరిగిన స్విచ్చులు, పచ్చగా చిలుము పట్టిన కీళ్ల నష్టం దీనికి అదనం.

ఈ నష్టాన్ని మల్టీమీటరుతో కొలవవచ్చు. దీపాలు వెలుగుతుండగా మీటరు ఒక కొనను బ్యాటరీ కరెంటు వచ్చే టెర్మినలుకు, రెండవ కొనను హెడ్‌లైటు వెనుక కరెంటు అందే పిన్నుకు ఆనించాలి. మీటరు చూపే అంకెయే దారిలో పోయిన వోల్టేజి. అది అర వోల్టును మించితే వైరింగ్‌ను సరిచేయవలసి ఉన్నదని గ్రహించాలి.

ముందుగా లోడు లెక్క

కొత్త దీపాలు కొనడానికి ముందు, బండిలోని డైనమో వాటిని మోయగలదా అని చూడాలి. 12 వోల్టుల బండిలో రెండు 55 వాట్ల డిమ్ లైట్లకు 110 వాట్లు, పార్కింగ్ లైట్లు, వెనుక లైట్లు, నంబరు ప్లేటు దీపాలకు కలిపి 25 వాట్లు, మీటరు దీపాలకు 5 వాట్లు చొప్పున మొత్తం 140 వాట్లు అవుతుంది. వాట్లను వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. అంటే సుమారు 12 ఆంపియర్లు. ఇగ్నిషన్ కాయిల్‌కు సుమారు 4, బ్రేకు దీపాలకు 3.5, వైపరుకు 3 ఆంపియర్లు కలిపితే మొత్తం 22 దాటుతుంది. ఆ కాలపు కార్లలో విస్తృతంగా వాడిన లూకాస్ సి40 రకం డైనమో గరిష్ఠ సామర్థ్యం 22 ఆంపియర్లే. పైగా ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు డైనమో దాదాపు ఏమీ ఇవ్వదు. ఆ సమయంలో భారమంతా బ్యాటరీ మీదనే పడుతుంది.

కనుక డైనమో ఉన్న బండికి అదనంగా ఫాగ్ లైట్లు తగిలించడం బ్యాటరీని ఖాళీ చేయడమే అవుతుంది. అదనపు దీపాలు తప్పనిసరి అయితే ముందు ఆల్టర్నేటరు అమర్చుకోవాలి. ఆల్టర్నేటరు తక్కువ వేగంలో కూడా తగినంత కరెంటు ఇస్తుంది. డాష్‌బోర్డులోని ఎర్రని చార్జింగ్ బల్బు చాలా ఆల్టర్నేటర్లకు పని మొదలుపెట్టే కరెంటును కూడా అందిస్తుంది కనుక, దానిని తొలగించరాదు.

వైరు, ఫ్యూజు, రిలే

పాత బండ్లలో రబ్బరు పూత మీద నూలు అల్లిక గల వైర్లు ఉండేవి. వేసవిలో 45 డిగ్రీలు దాటే చంద్రపూర్ ఎండకు, ఇంజను వేడికి ఆ రబ్బరు పెళుసై, వంచితే పొడిగా రాలిపోతుంది. రాగి బయటపడి ఇనుప బాడీకి తగిలితే, బ్యాటరీ నుండి వందల ఆంపియర్ల కరెంటు ఒక్కసారిగా ప్రవహించి వైరు ఎర్రగా కాలుతుంది. పక్కనే పెట్రోలు పైపు ఉన్న బండిలో దాని పర్యవసానం చెప్పనక్కరలేదు. అటువంటి వైరింగ్‌కు టేపు చుట్టి నెట్టుకురావడం కంటె మొత్తం మార్చడమే మేలు.

కొత్త వైరు సన్నని రాగి పోగులు అనేకం గల ఆటోమొబైల్ వైరే అయి ఉండాలి. ఇళ్లకు వాడే ఒంటి పోగు వైరు బండి అదురుకు లోపల తెగిపోతుంది. హెడ్‌లైట్లకు 2.5 చదరపు మిల్లీమీటర్లు, చిన్న దీపాలకు 1 చదరపు మిల్లీమీటరు సాధారణంగా సరిపోతుంది. వైరు రేకు గుండా పోయే ప్రతి రంధ్రంలోను రబ్బరు గ్రొమెట్ ఉండాలి. కొనలను మెలిపెట్టి టేపు చుట్టరాదు. తగిన సాధనంతో లగ్గులు నొక్కించి, వాటిపై వేడికి ముడుచుకొనే స్లీవు వేయాలి.

రిలే అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును నడిపించే అయస్కాంత స్విచ్చి. పాత స్విచ్చి రిలేకు కావలసిన అత్యల్ప కరెంటును మాత్రమే మోస్తుంది. దీపాల కరెంటు బ్యాటరీ నుండి నేరుగా, దగ్గరి దారిన వెళ్తుంది. సాధారణ రిలేలో 85, 86 సంఖ్యల పిన్నులు స్విచ్చి వైపుకు, 30 బ్యాటరీకి, 87 దీపానికి కలపాలి. డిమ్‌కు ఒకటి, బ్రైట్‌కు ఒకటి చొప్పున రెండు రిలేలు కావాలి. దీనివలన పాత అసలు స్విచ్చి కూడా కాలిపోకుండా పదిలంగా ఉంటుంది.

ఫ్యూజు దీపాన్ని కాక వైరును కాపాడేందుకు ఉద్దేశించినది. అందువల్ల దానిని బ్యాటరీకి వీలైనంత దగ్గరగా ఉంచాలి. రెండు హెడ్‌లైట్లకు ఒకే ఫ్యూజు పెడితే, అది పోయిన క్షణాన డ్రైవరు పూర్తి చీకటిలో పడతాడు. కుడి, ఎడమ దీపాలకు వేరువేరుగా 10 ఆంపియర్ల ఫ్యూజులు పెడితే ఒకటి పోయినా మరొకటి దారి చూపుతుంది. ఫ్యూజు పోయిన చోట రాగి తీగ చుట్టడం ప్రమాదాన్ని చేతులారా ఆహ్వానించడమే.

కొత్త రంగు తెచ్చే చిక్కు

బండిలో కరెంటు తిరిగి బ్యాటరీకి చేరేది ఇనుప బాడీ, చాసిస్ ద్వారానే. దీనినే మెకానిక్కులు ఎర్త్ అంటారు. పునరుద్ధరించిన బండిలో దీపం బిగించే రేకుకు, చాసిస్‌కు దట్టమైన కొత్త రంగు ఉంటుంది. రంగు కరెంటును పోనీయదు. బ్రేకు నొక్కితే ఇండికేటర్ మిణుకుమనడం, ఒక దీపం వేస్తే మరొకటి మసకబారడం ఎర్త్ లోపానికి గుర్తులు. ప్రతి దీపం నుండి ప్రత్యేక ఎర్త్ వైరు లాగి, చాసిస్ మీద రంగు గీకిన శుభ్రమైన చోట పళ్ల వాషరుతో బిగించి, వానాకాలపు తడికి తుప్పు పట్టకుండా పైన వాజలిన్ పూయాలి. ఇంజనుకు, చాసిస్‌కు మధ్య ఉండే జడ వంటి రాగి పట్టీని కూడా పరీక్షించాలి.

6 వోల్టులు, పాజిటివ్ ఎర్త్

కొన్ని తొలినాటి బండ్లలో 6 వోల్టుల వ్యవస్థ ఉంటుంది. వోల్టేజి సగమైతే అదే వెలుగుకు రెట్టింపు కరెంటు కావాలి. అందుకే వాటి అసలు వైర్లు మందంగా ఉంటాయి. 12 వోల్టులకు మార్చాలంటే బ్యాటరీ ఒక్కటి మారిస్తే చాలదు. బల్బులు, హారను, ఇగ్నిషన్ కాయిల్, ఫ్లాషరు, డైనమో, రెగ్యులేటరు అన్నీ మార్చాలి; పెట్రోలు మీటరుకు వోల్టేజి తగ్గించే పరికరం అమర్చాలి.

మరికొన్ని బండ్లలో బ్యాటరీ పాజిటివ్ కొన చాసిస్‌కు కలిపి ఉంటుంది. ఇది గమనించక ఆల్టర్నేటరు బిగిస్తే దానిలోని డయోడ్లు క్షణంలో కాలిపోతాయి. ఏ బండిలోనైనా పని మొదలుపెట్టే ముందు చాసిస్‌కు కలిసిన కొననే మొదట విప్పాలి, చివరగా బిగించాలి. అలా చేస్తే పానా పొరపాటున బాడీకి తగిలినా నిప్పురవ్వలు రావు.

బల్బుల ఎంపిక, దీపాల గురి

పాత జీపులు, పికప్పుల గుండ్రని హెడ్‌లైట్లు చాలావరకు 7 అంగుళాల కొలత కలవి. అదే కొలతలో హెచ్4 హాలోజన్ బల్బు పట్టే అద్దం, రిఫ్లెక్టరు దొరుకుతాయి కనుక బండి రూపం మారదు. అయితే అద్దం మన దేశంలో వలె ఎడమ వైపున నడిచే వాహనాలకు తయారైనదే కావాలి. కుడివైపు నడిచే దేశాల అద్దం డిమ్‌లో కూడా ఎదుటివారి కళ్లలోకే వెలుగు చిమ్ముతుంది. 100 వాట్ల బల్బుల వేడికి హోల్డర్లు కరుగుతాయి. 60/55 వాట్ల బల్బుకు పూర్తి వోల్టేజి అందిస్తే చాలు.

హాలోజన్ బల్బు కోసం రూపొందిన రిఫ్లెక్టరులో ఎల్.ఇ.డి. బల్బు పెట్టడం మంచిది కాదు. ఫిలమెంటు ఉండవలసిన చోట వెలుగు పుట్టనందున కిరణాలు చెదరి, ఎదుటివారికి మిరుమిట్లు, డ్రైవరుకు మసక మిగులుతాయి. ఎల్.ఇ.డి. కావాలనుకొంటే దాని కోసమే తయారై, ప్రమాణ గుర్తు ఉన్న పూర్తి దీపాన్ని అమర్చాలి. ఇండికేటర్లకు ఎల్.ఇ.డి. వేస్తే పాత ఫ్లాషరు సరిగా మిణుకదు. ఎలక్ట్రానిక్ ఫ్లాషరు అవసరమవుతుంది.

చివరి పని గురి. సమతల నేల మీద, మామూలు బరువుతో, గోడకు 10 మీటర్ల దూరంలో బండిని నిలపాలి. డిమ్ వెలుగు పై అంచు గోడ మీద దీపం మధ్యభాగపు ఎత్తు కంటె సుమారు 10 సెంటీమీటర్లు దిగువన పడాలి. వెనుక సరుకు నింపితే ముందు దీపాలు పైకి లేస్తాయి కనుక, సరుకు మోసే బండి గురిని ఆ స్థితిలో కూడా చూడాలి.

నిబంధనలు

కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 1989కి 2021లో చేసిన సవరణ ప్రకారం, మొదటి రిజిస్ట్రేషను నుండి 50 ఏండ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న సొంత వాడకపు ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలను వింటేజ్ వాహనాలుగా నమోదు చేయించవచ్చు. చాసిస్, బాడీ, ఇంజనులలో గణనీయమైన మార్పు ఉండరాదు. కొత్త నమోదుకు రుసుము 20,000 రూపాయలు. చెల్లుబాటు 10 ఏండ్లు. నంబరులో రాష్ట్ర సంకేతం తరువాత వి.ఎ. అనే అక్షరాలు వస్తాయి. ఇలా నమోదైన బండిని ప్రదర్శనలు, ర్యాలీలు, సాంకేతిక పరిశోధన, మరమ్మతు, ఇంధనం వంటి అవసరాలకే రోడ్డెక్కించాలి. నిత్య వాడకానికి, కిరాయికి వాడరాదు. రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను అనుమతించదు. కాబట్టి దీపాల స్థానం, సంఖ్య మార్చే ముందు ఆర్.టి.ఓ. కార్యాలయంలో విచారించడం ఉత్తమం. ముందు వైపుకు ఎర్రని దీపం వెలగడం, ఎదుటివారి కళ్లు చెదిరేలా దీపాలు అమర్చడం నియమావళికి విరుద్ధం.

విప్పిన పాత వైరింగ్‌ను పారవేయక, ఏ వైరు ఎక్కడిదో చీటీలు కట్టి, ఫొటోలు తీసి భద్రపరచడం మంచిది. కొత్త వైర్ల మీద నూలు అల్లిక వేయించి, రిలేలను కంటికి కనబడని చోట దాచితే బండి పాత రూపం చెడదు. కొత్తగా వేసిన వైర్ల పటం ఒకటి గీసి బండిలోనే ఉంచితే, ఏ రాత్రి ఏ దారిలో దీపం ఆగినా, తెలియని మెకానిక్కు కూడా లోపాన్ని త్వరగా పట్టుకోగలడు.