సిగ్గు మానితే మానే జబ్బు

మన పెద్దలు గొంతు తగ్గించి ‘సవాయి’ అని చెప్పుకున్న జబ్బే సిఫిలిస్. 1943లో డాక్టర్ జాన్ మహోనీ బృందం న్యూయార్క్‌లో పెన్సిలిన్‌తో దీనిని నయం చేసి చూపింది. 2000 నాటికి అమెరికాలో ఈ వ్యాధి బాగా తగ్గి, ఇక నిర్మూలనమే తరువాయి అనిపించింది. కాని 2022లో అన్ని దశలూ కలిపి 2,07,000కు పైగా కేసులు నమోదయ్యాయి. 1950 తరువాత అప్పటికి అంత పెద్ద సంఖ్య అదే. హెచ్.ఐ.వి. ఉన్నవారిలో ఈ వ్యాధి మరింత ఎక్కువ.

ఈ రెండు వ్యాధులూ ఒకదానికొకటి తోడు. సిఫిలిస్ పుండు చర్మమనే కోటకు పడిన గండి. ఆ పుండు చుట్టూ చేరే రక్షక కణాలే హెచ్.ఐ.వి.కి ఆశ్రయమిస్తాయి. నేడు మందులు క్రమం తప్పక వాడి, రక్తపరీక్షలో వైరస్ కనిపించనంతగా తగ్గినవారి నుండి హెచ్.ఐ.వి. లైంగికంగా సోకదు. అయితే ఆ మందులు సిఫిలిస్‌ను ఆపలేవు.

ఈ జబ్బు మాయదారిది. తొలి పుండు సాధారణంగా నొప్పి పెట్టదు. కొన్ని వారాలలో దానంతటదే మానుతుంది. వ్యాధి మాత్రం లోపల దాగి, కంటిని, చెవిని, మెదడును తాకగలదు. 2014 డిసెంబరు, 2015 మార్చి నెలల మధ్య సియాటిల్, శాన్ ఫ్రాన్సిస్కోలలో పన్నెండుమందికి ఇది కంటికి సోకింది. వారిలో అధికులు హెచ్.ఐ.వి. ఉన్న పురుషులు, కొందరు చూపు కోల్పోయారు.

చికిత్స సులభమే. తొలిదశలో 24 లక్షల యూనిట్ల బెంజథీన్ పెన్సిలిన్ సూది ఒక్కటి చాలు. హెచ్.ఐ.వి. ఉన్నవారికీ అదే మోతాదు. ఆపైన రెండేళ్ళపాటు రక్తపరీక్షలు చేయించుకోవాలి. కన్ను, మెదడు దెబ్బతింటే పది నుండి పద్నాలుగు రోజులు నరం ద్వారా పెన్సిలిన్ ఎక్కించాలి.

నివారణకూ ఒక మార్గం దొరికింది. కలయిక తరువాత 72 గంటలలోపు డాక్సీసైక్లిన్ మాత్రలు వేసుకుంటే, అధిక ప్రమాదంలో ఉన్న పురుషులలో సిఫిలిస్ వంటి వ్యాధులు బాగా తగ్గాయని 2023లో ఆ రెండు నగరాల పరిశోధకులే ప్రకటించారు. 2024లో ప్రభుత్వ వ్యాధి నియంత్రణ కేంద్రం వైద్యులకు ఇందుపై మార్గదర్శకాలు ఇచ్చింది. ఈ మందు టెట్రాసైక్లిన్ కుటుంబానికి చెందినది. ఆ కుటుంబంలో తొలిబిడ్డ ఆరియోమైసిన్‌ను లెడర్లీ ప్రయోగశాలలో బెంజమిన్ డగ్గర్ కనుగొన్నప్పుడు, అక్కడి పరిశోధనకు సారథి మన ఎల్లాప్రగడ సుబ్బారావుగారే.

హెచ్.ఐ.వి. ఉండి లైంగిక జీవితం గలవారు ఏడాదికొకసారైనా సిఫిలిస్ పరీక్ష చేయించుకోవాలి. ప్రమాదం ఎక్కువైతే మూడు నుండి ఆరు నెలలకొకసారి. భాగస్వామికీ పరీక్ష అవసరం. డాక్టరు తెలుగువారైతే నలుగురికీ తెలుస్తుందన్న జంకు మనలో సహజం. రోగి రహస్యాన్ని వైద్యుడు కాపాడాలన్నది ఇక్కడి చట్టం. అయినా మనసొప్పకుంటే కౌంటీ ఆరోగ్యశాఖ క్లినిక్కు వెళ్ళవచ్చు. ఒక్క సూదితో పోయే జబ్బుకు కంటిచూపును బలిపెట్టనక్కరలేదు.