కౌజుని పిలవడం: ఏ పీక కొనాలి, ఎట్లా నేర్చుకోవాలి

పిట్టల పిలుపుల మీద చేసిన ఎపిసోడ్ తర్వాత ఎక్కువమంది అడిగింది ఒకటే. "అన్నా, అమెరికాలో ఎల్క్ దుప్పిని పిలిచే పీకలు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. ఒకటి తెప్పించుకుంటే మన క్యాంపు వెనక తోటలో కూసే కౌజు పిట్ట వస్తదా?" అని.

రాదు. ఎందుకు రాదో, మరి దేనికి వస్తుందో, కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ఏం కొనాలో, ఏం కొనకూడదో ఇక్కడ నిదానంగా రాస్తున్నాను. ఆడియోలో చెప్పడానికి టైము చాలని సంగతి ఇది.

ముందు ఎల్క్ సంగతి చూద్దాం, ఎందుకంటే పిలుపు అనే పనిని దానంత వివరంగా రాసిపెట్టుకున్నవాళ్ళు తక్కువ. ఎల్క్ అంటే ఉత్తర అమెరికా కొండల్లో ఉండే పెద్ద దుప్పి, మన కణుజుకి దూరపు చుట్టం. సెప్టెంబరులో జతకట్టే కాలం వస్తే మగది అరుస్తుంది. ఆ అరుపు లోతుగా మొదలై, ఈలలాగా పైకి సాగి, చివర్లో గురగురమని దిగుతుంది. దాన్ని బ్యూగిల్ అంటారు. ఆడది మాత్రం చిన్నగా, పిల్లి కూతలాగా పిలుస్తుంది. ఈ రెండింటినీ తీయడానికి పీకలు రకరకాలున్నాయి. గుర్రపు నాడా ఆకారం చట్రానికి పల్చటి రబ్బరు పొర బిగించినదాన్ని అంగిట్లో పెట్టుకుని నాలుకతో నొక్కి ఊదడం ఒకటి. చేతులు ఖాళీగా ఉంటాయి, ధర తక్కువ, కానీ నేర్చుకునేటప్పుడు వాంతి వచ్చినట్టు ఉంటుంది. పెదాలతో పట్టుకుని ఊదేది ఇంకొకటి, అది కొంచెం తేలిక. రబ్బరు బుడ్డి నొక్కితే మోగేది మూడోది, చిన్నపిల్లలు కూడా మోగిస్తారు, కానీ ఒకే ఒక్క మాట మాట్లాడుతుంది.

అక్కడి పాత వేటగాళ్ళు కొత్తవాళ్ళకి చెప్పే మాట ఒకటుంది. ముందు ఆడదాని పిలుపు నేర్చుకో, బ్యూగిల్ తర్వాత అంటారు. బ్యూగిల్ అంటే "రా, చూసుకుందాం" అని సవాలు. దాన్ని విని ధైర్యం ఉన్న మగది రావచ్చు, ధైర్యం చాలనిది తన మందని తోలుకుని కొండ అవతలికి పోవచ్చు. నీ నోట్లోంచి వచ్చే శబ్దానికి అవతలి జంతువు భాషలో అర్థం ఏంటో తెలియకుండా ఊదితే, తెలియని ఊళ్ళో తెలియని భాషలో కేకలు వేసినట్టే. పీక ఎంత ఖరీదుదైనా లాభం లేదు. నల్లమలలో మన కణుజు దగ్గర ఈ పీక ఊదినా పనికిరాదు, దానికి బ్యూగిల్ లాంటి పాటే లేదు. పులిని పసిగట్టినప్పుడు "పొంక్" అని గట్టిగా ఒక మోత మోగిస్తుంది, అది హెచ్చరిక.

ఇప్పుడు కౌజు. ఫారాల్లో పెంచి హోటళ్ళకి అమ్మే కౌజు పిట్టలు జపాన్ జాతివి, అవి వేరు. నేను చెప్పేది పొలంగట్ల మీద, ముళ్ళపొదల్లో తిరిగే బూడిద రంగు అడవి కౌజు. కొందరు కముజు అంటారు. హిందీలో తీతర్. ఇక్కడి అరబ్బులు దుర్రాజ్ అంటారు. దాని శాస్త్రీయ నామంలో పాండిసెరియానస్ అని పుదుచ్చేరి పేరుంది, 1789లో పెట్టారు. మా జగిత్యాల దిక్కు చెలకల్లో కూసే పిట్టే ఖబూరా ఖర్జూరం తోటల్లోనూ కూస్తుంది. బాతినా తీరంలో పని చేసే ప్రతి తెలుగువాడు దీన్ని వినే ఉంటాడు, పేరు తెలియకపోవచ్చు. పాలపిట్ట, గోరింక, పికిలిపిట్ట కూడా ఇక్కడ ఉన్నాయి కాబట్టి తెల్లవారుజామున కళ్ళు మూసుకుంటే ఏ దేశంలో ఉన్నామో తేల్చుకోవడం కష్టం.

దాని కూత "క-తీ-తర్, తీ-తర్" అని గట్టిగా, గంట కొట్టినట్టు ఉంటుంది. ముందు ఒకటి రెండు చిన్న శబ్దాలు, తర్వాత ఈ వరస, వేగం పెరుగుతూ. ఒకటి కూస్తే ఇంకొకటి అందుకుంటుంది. ఈ కూత ముఖ్యంగా హద్దు చెప్పడం. "ఈ గట్టు నాది, ఇక్కడ నేనున్నా" అని. జతకట్టే కాలంలో పక్క మగది వచ్చి కూస్తే ఇంటివాడు కొట్లాటకి వస్తాడు. కాళ్ళకి ముళ్ళు కూడా ఉంటాయి మగదానికి.

ఈ కోపాన్నే మన పాత పిట్టలవేట వాడుకుంది. పెంచిన మగ కౌజుని చిన్న బోనులో పెట్టి చెలకలో దించేవాళ్ళు. దీన్ని దీమం అంటారు, దీమపు పిట్ట. అది కూస్తుంది, అడవిది కోపంతో పరుగెత్తుకొస్తుంది, బోను చుట్టూ నాటిన వెంట్రుకల ఉచ్చుల్లో కాలు పడుతుంది. పట్టినవాటిని కొందరు తినేవాళ్ళు, కొందరు పందేలకి పెంచేవాళ్ళు. తెలివైన పద్ధతే, కాదనను. కానీ 1972 వన్యప్రాణి చట్టం కింద ఇండియాలో అది నేరం.

ఒమన్‌లో కూడా అంతే, దీన్ని కాస్త గట్టిగా చెప్పాలి. 2003లో వచ్చిన 6వ నంబరు రాజశాసనం ప్రకృతి రిజర్వులు, వన్యప్రాణుల రక్షణకి సంబంధించింది. అడవి పిట్టల్ని, జంతువుల్ని చంపడం, పట్టడం నేరంగా చూస్తారు, జైలు, జరిమానా రెండూ ఉన్నాయి. మనలాంటివాళ్ళకి దాని మీద ఇంకొకటి ఉంది. కేసు పడితే బతాకా పోతుంది, ఎగ్జిట్ కొడతారు. మా క్యాంపులో ఒక పిల్లగాడు స్టీలు కట్టే బైండింగ్ వైరుతో ఉచ్చు అల్లి తోట కంచె పక్కన పెట్టాడు. ఊళ్ళో వాళ్ళ తాత పట్టేవాడట, చేతికి పని తెలుసు, ఉచ్చు నిజంగా బాగా అల్లాడు. ఏజెంటుకి కట్టిన అప్పు ఇంకా సగం ఉంది. రెండు వందల గ్రాముల కూర కోసం ఇంటి అప్పు పణంగా పెడతావా అని అడిగి ఆ వైరు తీయించాను. తర్వాత, నీకు అంత తెలిస్తే నోటితో పిలువు చూద్దాం అన్నాను. ఇప్పుడు మా క్యాంపులో అందరికంటే బాగా పిలిచేది వాడే. శుక్రవారం పొద్దున ముగ్గురు నలుగురు వాడి వెనక పోతారు.

కాబట్టి ఈ వ్యాసంలో పిలవడం అంటే చూడటానికి, వినడానికి పిలవడం. ఉచ్చు లేదు, గుల్లేరు లేదు.

ఏం కొనాలి అంటే నా జవాబు, మొదటి మూడు నెలలు ఏమీ కొనొద్దు. చెక్కముక్కలో లోహపు పుల్ల తిప్పితే కీచుమనే చిన్న బర్డ్ కాల్ ఒకటి దొరుకుతుంది. అది చిన్న పిట్టల్ని కుతూహలంతో దగ్గరికి తెస్తుంది గానీ కౌజుకి దానితో సంబంధం లేదు. బాతుల పీకలు, టర్కీ కోడి పీకలు కూడా అంతే, ఎవరి భాష వాళ్ళది. ఫోన్‌లో కూత పెట్టి స్పీకర్‌లో మోగించడం అన్నిటికంటే తేలిక, అందుకే అన్నిటికంటే ప్రమాదం. ఈజిప్టు సముద్రతీరంలో వలల పక్కన రాత్రంతా పూరేడు కూతలు స్పీకర్లలో పెట్టి వలస పిట్టల్ని దించుకుంటారు. అమెరికాలో బాతుల వేటకి నోటి పీక ఒప్పుకుంటారు, రికార్డు చేసిన కూత మాత్రం మామూలుగా నిషేధం. నోరు అలసిపోతుంది, తప్పు కూస్తుంది, పిట్టకి తప్పించుకునే అవకాశం మిగులుతుంది. స్పీకరు అలసిపోదు. చూడటానికే అయినా ఫోను అదేపనిగా మోగిస్తే, ఇంటివాడు లేని శత్రువుని వెతుక్కుంటూ గూడు చుట్టూ తిరుగుతాడు. కౌజు గూడు నేల మీద దాచిపెట్టినట్టుండే చిన్న గుంట, ఆరేడు గుడ్లు. ఆ అలజడి పిల్లులకి, కాకులకి దారి చూపిస్తుంది.

ఫోన్ వాడాల్సింది రూములో, నేర్చుకోవడానికి. కార్నెల్ యూనివర్సిటీ వాళ్ళ మెర్లిన్ యాప్ కూత విని పిట్ట పేరు చెప్తుంది. జెనో-కాంటో అని 2005లో మొదలైన సైటులో ప్రపంచం నలుమూలల నుంచి రికార్డు చేసిన కూతలు ఉచితంగా వినొచ్చు. కౌజుది తీసి సగం స్పీడులో పెట్టండి. మొదటి వారం నోరు తెరవొద్దు, చేత్తో తొడ మీద తాళం వేయండి, అంతే. ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ వేగం అందుకుంటుందో తాళంలోనే పట్టుబడుతుంది. రెండో వారం పెదాలు కదపకుండా, "క" గొంతులోంచి చిన్నగా, "తీ" నాలుక కొన పళ్ళ వెనక తగిలించి సన్నగా, "తర్" తెగ్గొట్టి అనండి. కొత్తవాళ్ళందరూ "తీ"ని సాగదీస్తారు. సాగదీయకూడదు, సుత్తి దెబ్బలాగా పడి తెగాలి. రూంమేటు తిట్టడం మొదలుపెడితే శబ్దం సరిపోతుందని అర్థం. సైటులో నాలుక మడిచి ఈల వేసే అలవాటు ఉన్నవాళ్ళకి ఇది తొందరగా వస్తుంది, ఊపిరి ఎట్లా ఆపాలో వాళ్ళకి ముందే తెలుసు.

తర్వాత తోట. ఖబూరాలో వేసవి అయితే సూర్యుడు రాకముందే పని ముగించాలి, వాతావరణం చల్లబడే అక్టోబరు నుంచి మార్చి దాకా కొంచెం ఓపిగ్గా కూర్చోవచ్చు. పొద్దెక్కాక సముద్రం గాలి మొదలైతే ఆకుల చప్పుడులో మీ పిలుపు పోదు, దాని జవాబు మీకు రాదు. ఎల్క్ వేటగాడికి గాలి అంటే వాసన భయం. మనకి గాలి అంటే చప్పుడు భయం. తీతువు పిట్ట సంగతి మర్చిపోవద్దు. కాలవ పక్కన అది మిమ్మల్ని ముందు చూసిందంటే అరిచి తోటంతా చాటింపు వేస్తుంది. ఆ రోజు ఇంక కౌజు రాదు, టీ తాగడానికి పోవచ్చు.

ఖర్జూరం మానుకి వీపు ఆనించి, పొద్దు వెనక నుంచి వచ్చేట్టు కూర్చోండి. దానంతట అది కూసేదాకా ఆగండి. కూశాక, ఒక్క వరస అనండి, అది కూడా దాని గొంతు కంటే తక్కువ గట్టిగా. తర్వాత అయిదు నిమిషాలు మౌనం. అందరూ తప్పేది ఈ అయిదు నిమిషాల దగ్గరే. కాంక్రీటు గట్టిగా ఉందని నీళ్ళు పోసినట్టు, జవాబు రాలేదని ఇంకో వరస, ఇంకో వరస పోస్తారు. వినేవాడికి అది పిట్ట కాదని తెలిసిపోతుంది. జవాబు వచ్చి, శబ్దం దగ్గరైతే మీరు పూర్తిగా ఆపేయండి. కౌజు ఎగిరి రాదు, నడిచి వస్తుంది, గట్టు పక్కన మెడ చాపి చూస్తుంది. గొంతు దగ్గర సన్నటి నల్ల గీత కనిపిస్తుంది. చూడండి, చాలు. మూడు వరసలు దాటి ఒకే పిట్టని పిలవొద్దు, మరుసటి రోజు అదే చోటికి పోవద్దు. ఏప్రిల్ నుంచి గుడ్ల కాలం, పిల్లలు వెంట ఉన్న జత కనిపిస్తే అసలు పిలవొద్దు.

ఇంకొక్క సంగతి. తోట అంటే మజ్రా, అది ఎవరో ఒకరి ఇల్లు లాంటిది, లోపల ఆడవాళ్ళు ఉంటారు. కంచె దాటకుండా బయట గట్టు మీదే కూర్చోవాలి. మజ్రాలో పనిచేసే బంగ్లా అన్నకి ముందు రోజే చెప్పి ఉంచితే మంచిది, పిట్ట ఏ మూల కూస్తుందో మనకంటే ఆయనకే బాగా తెలుసు. అర్బాబు వచ్చి ఏం చేస్తున్నారని అడిగితే లేచి నిలబడి సలాం చెప్పి, ఖాళీ చేతులు కనబడేట్టు పెట్టి, "దుర్రాజ్, అనా బస్ షూఫ్" అనండి. చూస్తున్నా, అంతే అని. బ్యాగు తెరిచి చూపించమన్నా చూపించడానికి వీలుగా అందులో నీళ్ళ సీసా, ఖర్జూరాలు తప్ప తాడు ముక్క కూడా ఉంచుకోవద్దు.