నాన్నదీ పాసే.. నాదీ పాసే!

‘‘ఏడున్నవ్ బిడ్డా?’’

‘‘లైబ్రరీల ఉన్న నాన్నా.’’

అబద్ధం. ఆ నిమిషాన నేను ఎల్బే నది మధ్యలో పడవ మీదున్నా. వెనక మా గ్యాంగ్ సెల్ఫీల గోల.

మాది ఆలేరు. నాన్న పాతికేళ్లుగా పొద్దున్నే ప్యాసింజర్ ఎక్కి సికింద్రాబాద్ పోయి, రాత్రికి తిరిగొస్తాడు. జేబులో ఎప్పుడూ సీజన్ పాస్ ఉంటుంది. మా ఇంట్లో రైలంటే డ్యూటీ, పరీక్ష, లేదంటే ఆసుపత్రి. ఊరికే తిరిగి రావడానికి రైలెక్కడం మాకు అలవాటు లేదు.

అలాంటి ఇంటి నుంచి ఎడ్యుకేషన్ లోన్ మీద జర్మనీలోని లైప్‌జిగ్‌కు ఎమ్మెస్ చదవడానికి వచ్చా. వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో వేసిన 11,904 యూరోల్లోంచి నెలకు 992 చేతికొస్తాయి. రెంటు, ఇన్సూరెన్స్ పోగా మిగిలేది తక్కువే. అందుకే ఎవరు ట్రిప్‌కు పిలిచినా ‘నేను రాను’ అనేదాన్ని.

2025 జూన్‌లో ఓ శనివారం మాత్రం తప్పించుకోలేకపోయా. ‘‘నీ దగ్గర డాయిచ్‌లాండ్ టికెట్ ఉంది కదా, ఇంకేం ఖర్చు?’’ అని ఖమ్మం అమ్మాయి నిలదీసింది. నిజమే. నెలకోసారి కడితే దేశమంతా లోకల్, రీజినల్ రైళ్లు, సిటీ బస్సులు, ట్రామ్‌లు ఎన్నిసార్లయినా ఎక్కొచ్చు. 2023 మేలో 49 యూరోలతో మొదలైంది. మేం వెళ్లినప్పుడు 58. 2026 జనవరి నుంచి 63. నేను దాన్ని కాలేజీకి, పార్ట్‌టైమ్ జాబ్‌కు తప్ప వాడనే లేదు!

పొద్దున ఆరున్నరకి అయిదుగురం బయల్దేరాం. బ్యాగుల్లో పులిహోర, ఆలుగడ్డ చిప్స్, నీళ్లు. లైప్‌జిగ్ నుంచి డ్రెస్డెన్‌కు రీజినల్ రైల్లో గంటా నలభై నిమిషాలు. 1839లో పూర్తయిన ఈ మార్గం జర్మనీలో తొలి దూరప్రయాణపు రైలు లైను. అక్కడ ఎస్-బాన్ లోకల్‌కు మారి నది పక్కనే రాటెన్ అనే చిన్న ఊళ్లో దిగాం. అవతలి ఒడ్డుకు పడవలో వెళ్లాలి. దానికి ఇంజిన్ లేదు! తాడుకు కట్టి ఉంటుంది, నీటి వాలే దాన్ని అటూ ఇటూ నెడుతుంది. నాన్న ఫోన్ వచ్చింది అక్కడే.

తర్వాత అడవిలో మెట్లెక్కి బాస్టై వంతెన చేరాం. ఇసుకరాతి స్తంభాల మధ్య 1851లో కట్టిన రాతి వంతెన అది, పొడవు 76.5 మీటర్లు. కింద చూస్తే ఎల్బే సన్నని రిబ్బన్‌లా కనిపించింది. అందరూ అరుస్తుంటే నేను మాత్రం గమ్మున నిలబడ్డా. ‘లైబ్రరీల ఉన్న’ అన్న మాట గొంతులో ముల్లులా గుచ్చుకుంది.

దిగి వచ్చేటప్పుడు పడవ నది మధ్యలో ఉండగానే ఎదురు ఒడ్డున మా లోకల్ కదిలి వెళ్లిపోయింది. ఇంకో అరగంట వెయిటింగ్. పాస్ కాబట్టి డబ్బులేం పోలేదు, పులిహోర అయిపోయిందంతే.

డ్రెస్డెన్‌లో మిగిలిన టైమ్ అంతా పరుగే. 1945 ఫిబ్రవరి బాంబు దాడిలో కూలి, 2005లో మళ్లీ తెరుచుకున్న ఫ్రావెన్‌కిర్షె చర్చి చూశాం. తెల్లటి కొత్త రాళ్ల మధ్య నల్లగా కనిపించేవి శిథిలాల్లోంచి ఏరి పెట్టిన పాత రాళ్లు. రాత్రి స్టేషన్‌లో ఐసీఈ కనబడగానే గుంటూరు అబ్బాయి ఒక కాలు లోపల పెట్టేశాడు. చొక్కా పట్టి వెనక్కి లాగాం. ఆ ఎక్స్‌ప్రెస్‌లో మా పాస్ చెల్లదు, దొరికితే 60 యూరోల ఫైన్! మీరూ గుర్తుపెట్టుకోండి.

మర్నాడు ఆదివారం. ధైర్యం చేసి నాన్నకు ఉన్నదంతా చెప్పేశా.

కాసేపు చప్పుడు లేదు. తర్వాత అడిగాడు. ‘‘ఒక్క పాసుకు దేశమంత తిరుగనిస్తరా?’’

‘‘అవు నాన్నా.’’

‘‘మరి ఇన్ని దినాలు ఎందుకు తిరుగలే?’’

నా దగ్గర జవాబు లేదు. ఆయనే మళ్లీ అన్నాడు. ‘‘నేను గూడ పాతికేండ్ల సంది భువనగిరి గుట్ట పక్కపొంటే పోతున్న. ఒక్కపారన్న దిగి ఎక్కలే.’’

తర్వాతి ఆదివారం వాట్సాప్‌లో ఓ ఫొటో వచ్చింది. త్రిభువనమల్ల విక్రమాదిత్యుడు కట్టించిన భువనగిరి కోట, ఏకశిల గుట్ట మీద అమ్మ కొంగుతో చెమట తుడుచుకుంటోంది. పక్కన నాన్న, చేతిలో సీజన్ పాస్ ఎత్తి చూపిస్తున్నాడు. ‘మీ అమ్మకు టికెట్ కొన్న. నాది ఫ్రీ’ అని కింద మెసేజ్.

ఆ ఫొటో ఇప్పుడు నా ఫోన్ వాల్‌పేపర్. వచ్చే శనివారం ట్రిప్‌కు ప్లాన్ వేస్తున్నది నేనే.