మావెరిక్స్‌కి అదృష్టం ఎంత, మోకాలు ఎంత?

ఒరేయ్ చిన్నా, "తాతా, ఈ 2025-26 సీజన్లో మన మావెరిక్స్ కప్పు కొడుతుందా?" అని డాలస్ పక్కనున్న ఫ్రిస్కో నుంచి ఫోన్లో అడిగావు. ఆలోచించి చెప్తానన్నాను కదా, ఇదిగో లెక్క వేసి మరీ చెప్తున్నా. ఈ పేజీ చదివే మిగతా మనవలూ మనవరాళ్ళూ కూడా కూర్చోండి. బాస్కెట్‌బాల్ తెలియని వాళ్ళు కంగారుపడకండి, కూడికలూ భాగహారాలూ వస్తే చాలు.

డాలస్ మావెరిక్స్ జట్టు 2024లో ఫైనల్ దాకా వెళ్ళి బోస్టన్ సెల్టిక్స్ చేతిలో ఓడింది. ఎనిమిది నెలలు తిరక్కుండానే, 2025 ఫిబ్రవరిలో, ఊరంతా నెత్తిన పెట్టుకున్న లూకా డాన్చిచ్‌ని లాస్ ఏంజిలిస్ లేకర్స్‌కి ఇచ్చేసి ఆంథనీ డేవిస్‌ని తెచ్చుకుంది. అభిమానులు భగ్గుమన్నారు. మరో నెలకి, మార్చి 3న, కైరీ ఇర్వింగ్ ఎడమ మోకాలు దెబ్బతింది. 39 గెలుపులు, 43 ఓటములతో సీజన్ ముగిసింది. చివర్లో, కప్పు కోసం ఆడే ప్లేఆఫ్స్‌కి అర్హత తేల్చే ప్లే-ఇన్‌లో శాక్రమెంటోని ఓడించారు గానీ మెంఫిస్ చేతిలో ఓడి ఇంటికొచ్చారు.

ఆ ఓటమే వాళ్ళ పాలిట వరమైంది. ప్లేఆఫ్స్‌కి చేరని పద్నాలుగు జట్లకి, ఈ లీగ్ నడిపే ఎన్‌బీఏ ఒక లాటరీ పెడుతుంది. గెలిచినవాళ్ళకి ఆ ఏడాది కొత్త కుర్రాళ్ళలో మొదటివాణ్ణి ఎంచుకునే హక్కు దక్కుతుంది. మీ అపార్ట్‌మెంట్ తంబోలా లాగే ఒక యంత్రంలో 1 నుంచి 14 దాకా అంకెలున్న పింగ్‌పాంగ్ బంతులు గిర్రున తిరుగుతాయి. నాలుగు బంతులు తీస్తారు, వరుసతో పని లేదు. 14ని 13తో, 12తో, 11తో గుణించి 24తో భాగించు. 1001 వస్తుంది. అంటే నాలుగేసి అంకెల కలయికలు అన్ని ఉంటాయన్నమాట. అందులో ఒకటి పక్కన పెట్టి, మిగిలిన వెయ్యినీ జట్లకి పంచుతారు. బాగా ఓడిన మూడు జట్లకీ తలా 140. మావెరిక్స్‌కి దక్కినవి 18. అదీ చికాగో బుల్స్‌తో గెలుపులు సమానమైతే, విడిగా ఒక డ్రా తీసి, 18 వీళ్ళకీ 17 వాళ్ళకీ ఇచ్చారు. మే 12న చికాగోలో లాటరీ తీస్తే మావెరిక్స్ గెలిచింది. మెయిన్ రాష్ట్రపు కుర్రాడు, డ్యూక్ యూనివర్సిటీలో ఆడిన కూపర్ ఫ్లాగ్ అలా డాలస్‌కి వచ్చాడు.

నూటికి 1.8! "ఇదంతా ముందే మాట్లాడుకున్నారు, లూకా పోయినందుకు పరిహారం" అని సగం అమెరికా అంది. నీ స్నేహితులూ అన్నారని చెప్పావు. ఇక్కడే జాగ్రత్తగా ఆలోచించాలి. జరిగిపోయాక "సరిగ్గా ఇదే జరగడానికి అవకాశం ఎంత?" అని అడిగితే ఎప్పుడూ చిన్న సంఖ్యే వస్తుంది. జరగకముందు అడగాల్సిన ప్రశ్న వేరు: అట్టడుగు అవకాశాలున్న చివరి నాలుగు జట్లలో ఏదో ఒకటి గెలవడానికి ఎంత వీలుంది? 18, 17, 8, 7 కూడితే 50. వెయ్యికి యాభై, అంటే ఇరవై లాటరీలకి ఒకసారి. 1993లో ఓర్లాండో మ్యాజిక్ ఇంతకంటే తక్కువ అవకాశంతో, 66లో ఒకే ఒక్క బంతితో గెలిచింది. మరి బాగా ఓడిన యూటా జాజ్? నూటికి 14 చేతిలో ఉన్నా వాళ్ళకి దక్కింది ఐదో స్థానం. 14 అంటే 86 సార్లు రాదనేగా!

సరే, కుర్రాడు వచ్చాడు. రాగానే జట్టు మారిపోతుందా? 2003లో లెబ్రాన్ జేమ్స్ వచ్చాక క్లీవ్‌లాండ్ 17 గెలుపుల నుంచి 35కి ఎగబాకింది, అయినా ప్లేఆఫ్స్‌కి చేరలేదు. 2023లో విక్టర్ వెంబన్యామా వచ్చిన శాన్ ఆంటోనియోకి ముందు ఏడూ 22 గెలుపులే, వచ్చిన ఏడూ 22 గెలుపులే. కానీ వాళ్ళిద్దరూ చేరినవి అడుగున ఉన్న జట్లు. ఫ్లాగ్ చేరింది డేవిస్, క్లే థాంప్సన్, లైవ్లీ ఉన్న జట్టులో. నాకు నచ్చిందీ అదే, భయమూ అదే. పొడుగువాళ్ళు బోలెడు, బంతి పట్టుకుని దాడి నడిపించే గార్డ్ మాత్రం కరువు. డిసెంబర్ 21కి పంతొమ్మిది నిండే పిల్లాడి మీద ఆ బరువు కూడా పెడతారేమోనని నా దిగులు.

ఆ పని చేయాల్సింది కైరీ. దెబ్బ తగిలాక కన్నీళ్ళతోనే రెండు ఫ్రీత్రోలూ వేసి మరీ వెళ్ళాడు, రెండూ పడ్డాయి. అతనికి తెగింది ఏసీఎల్, అంటే మోకాలి లోపల తొడ ఎముకనీ కాలి ఎముకనీ కట్టి ఉంచే లిగమెంట్. దాన్ని కుట్టి ఊరుకోరు. మామూలుగా ఒక టెండన్ ముక్క తెచ్చి ఆ చోట బిగిస్తారు. ఆ ముక్కకి మొదట్లో రక్తం అందదు, అందులోని కణాలు చాలామటుకు చచ్చిపోతాయి. తర్వాత శరీరం మెల్లగా కొత్త రక్తనాళాలని పంపి, కొత్త కణాలతో దాన్ని తిరిగి అల్లుకుంటుంది. విచిత్రం ఏమిటంటే, ఆపరేషన్ అయిన రోజు కంటే కొన్ని వారాల తర్వాతే అది బలహీనంగా ఉంటుంది. అప్పటికి వాపు తగ్గి, నొప్పి పోయి, మనిషికి "నాకేం, బాగానే ఉన్నా" అనిపిస్తుంది. అందుకే తొమ్మిది నెలలు నిండకుండా ఆటలోకి దిగినవాళ్ళకి మళ్ళీ దెబ్బతగిలే ప్రమాదం బాగా ఎక్కువ. కైరీకి మార్చి నెలాఖర్లో ఆపరేషన్ అయింది. తొమ్మిది నెలలంటే క్రిస్మస్ దాటాక. వయసు 33. కాబట్టి సంక్రాంతి లోపు అతని కోసం ఎదురుచూడకు, తొందరపెట్టే వాళ్ళ మాట వినకు. లాటరీ బంతిని బతిమాలినా ఒకటే, తిట్టినా ఒకటే. మోకాలు అలా కాదు, దానికి టైమిస్తే మాట వింటుంది.

ఇంకో సంగతి. సమానమైన నాణేన్ని 82 సార్లు ఎగరేస్తే సగటున 41 బొమ్మలు పడాలి. కానీ ప్రతిసారీ 41 పడవు. మూడింట రెండు వంతుల సార్లు 37కీ 45కీ మధ్య పడతాయి, మిగతాసార్లు ఇంకా దూరం పోతాయి. ఎన్‌బీఏ సీజన్లో మ్యాచ్‌లు కూడా 82. అంటే నలభై గెలుపుల సత్తా ఉన్న జట్టు అదృష్టం అటో ఇటో అయితే 36 దగ్గర ఆగొచ్చు, 45కీ ఎగబాకొచ్చు. ఒక్క మ్యాచ్‌లో అయితే ఈ ఊగిసలాట మరీ ఎక్కువ. ఒక జట్టు రాత్రికి 37 త్రీ పాయింటర్లు (పడితే ఒక్కోదానికి మూడు పాయింట్లు) వేస్తుంది, అందులో పదమూడు పడతాయనుకుందాం. అదే చేతులు, అదే గురి, అయినా ఒక రాత్రి పది, ఇంకో రాత్రి పదహారు పడటం మామూలే. అటూ ఇటూ తొమ్మిదేసి పాయింట్లు! మొదటి పది మ్యాచ్‌లు చూసి కోచ్‌ని తీసేయాలని గోల చేసేవాళ్ళు ఇదొక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు. గెలుపోటములు కాదురా, ఎన్ని పాయింట్ల తేడాతో గెలుస్తున్నారో, ఓడుతున్నారో చూడు. జట్టు సత్తా అక్కడ తొందరగా బయటపడుతుంది.

2025 అక్టోబర్ 22న సొంత గడ్డ మీద మొదటి మ్యాచ్, అదీ వెంబన్యామా జట్టుతోనే. మనకి ఇక్కడ 23 తెల్లవారాక వస్తుంది, కాఫీతో పాటు నేనూ చూస్తా. నా అంచనా రాసి పెట్టుకో: గెలుపులు నలభై దరిదాపుల్లో, మళ్ళీ ప్లే-ఇన్. కప్పు ఈ ఏడు రాదు. డేవిస్ అరవై మ్యాచ్‌ల దాకా ఆడితేనే ఈ మాట కూడా, లేకపోతే ఇంకా కిందకే. మీ నాన్న టికెట్లు కొంటానంటే ఫిబ్రవరి తర్వాతవి కొనమను.