కుందేళ్ల పెంపకం, ప్రదర్శన: టెల్కో కాలనీ ఎండలో మొదలుపెట్టడం ఎలా?

పెరట్లో కాస్త జాగా ఉన్న ఇంట్లో పిల్లలు ఎప్పుడో ఒకప్పుడు కుందేలు కావాలని అడుగుతారు. జంషెడ్‌పూర్‌లోని టెల్కో కాలనీ ఇందుకు మినహాయింపేమీ కాదు. 1945లో మొదలైన టాటా ఇంజనీరింగ్ అండ్ లోకోమోటివ్ కంపెనీ (ఇప్పటి టాటా మోటార్స్) ఉద్యోగుల కోసం ఏర్పడిన కాలనీ ఇది. ఉక్కు, వాహన కర్మాగారాల్లో పనికోసం వచ్చిన తెలుగు కుటుంబాలు ఈ నగరంలో తరాలుగా ఉంటున్నాయి. ఒక జతను తెచ్చి పెంచడం తేలికగానే కనిపిస్తుంది. ఆ జతను పద్ధతిగా పిల్లలు పెట్టించి, ప్రదర్శనలో నిలబెట్టగల కుందేళ్లను తయారు చేయడం మాత్రం వేరే పని. అందులో జీవశాస్త్రం ఎంత ఉందో, భౌతికశాస్త్రం కూడా దాదాపు అంతే ఉంది.

ముందుగా పేరు సంగతి. హిందీలో వాడే ‘ఖర్‌గోష్’ పర్షియన్ మాట, గాడిద చెవులు కలది అని అర్థం. తెలుగులో చెవులపిల్లి అన్నాం. రెండు భాషలూ చెవులనే పట్టుకున్నాయి. అయితే మన పొలాల్లో, దల్మా వంటి కొండల్లో తిరిగే అడవి చెవులపిల్లి, బోనులో పెరిగే కుందేలు ఒకటి కావు. అడవిదానికి 48 క్రోమోజోములు, పెంపుడు కుందేలుకు 44. అడవిదాని పిల్లలు ఒంటి నిండా బొచ్చుతో, కళ్లు తెరుచుకుని పుడతాయి. పెంపుడు కుందేలు పిల్లలు గుడ్డిగా, బొచ్చు లేకుండా పుడతాయి. రెండింటికీ సంకరం కుదరదు. అడవి చెవులపిల్లిని పట్టి తెచ్చి పెంచడం వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద నేరం కూడా. మన బోనుల్లో ఉన్నది ఐబీరియా ద్వీపకల్పం, అంటే నేటి స్పెయిన్, పోర్చుగల్ నుంచి బయల్దేరిన జాతి. దానికి ఇష్టమైన ఉష్ణోగ్రత 15 నుంచి 25 డిగ్రీల సెల్సియస్. మే నెలలో జంషెడ్‌పూర్ 40 దాటుతుంది. కష్టాలన్నీ ఇక్కడే మొదలవుతాయి.

కుందేలుకు చెమట పట్టదనే చెప్పాలి. కుక్కలా నాలుక చాచి రొప్పడమూ దానికి సరిగా చేతకాదు. ఒంట్లోని వేడిని వదిలించుకోవడానికి దానికున్న ప్రధాన మార్గం చెవులే. శరీర విస్తీర్ణంలో పదో వంతుకు పైగా ఉండే ఆ పల్చని చెవుల్లోకి వేడి రక్తం ప్రవహించి, చల్లబడి తిరిగి వస్తుంది. కారు రేడియేటర్ చేసే పనే ఇది. కానీ రేడియేటర్ పనిచేయాలంటే బయటి గాలి లోపలి నీటికన్నా చల్లగా ఉండాలి. కుందేలు శరీర ఉష్ణోగ్రత 38.5 నుంచి 40 డిగ్రీలు. బయట కూడా 40 ఉంటే చెవుల నుంచి వేడి పోదు, పైగా లోపలికి వస్తుంది. అందుకే 30 దాటినప్పటి నుంచి కుందేలు ఇబ్బంది పడుతుంది. 35 దాటాక ప్రాణానికే ముప్పు. ముక్కు తడిసి, చెవులు ఎర్రబడి, తల వెనక్కి వాల్చి వేగంగా ఊపిరి తీస్తోందంటే ఇక ఆగకూడదు. నీడకు చేర్చి, చెవులను మామూలు నీళ్లతో తడిపి, పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్లాలి. మంచు నీళ్లలో ముంచడం తప్పు. చర్మం కింది రక్తనాళాలు ముడుచుకుని వేడి లోపలే చిక్కుకుంటుంది.

మరి చల్లబరచడం ఎలా? మూడు కిలోల కుందేలు విశ్రాంతిగా ఉన్నప్పుడు సుమారు 8 వాట్ల వేడి పుట్టిస్తుంది. ఒక చిన్న ఎల్‌ఈడీ బల్బు తినే కరెంటంత. ఒక కిలో మంచు కరగడానికి 334 కిలోజౌళ్లు కావాలి. కాగితం మీద లెక్కవేస్తే ఒక సీసా మంచు ఆ కుందేలు వేడిని పదకొండు గంటలకు పైగా పీల్చుకోవాలి. వాస్తవంలో ఆ మంచు వేడిలో ఎక్కువ భాగాన్ని చుట్టూ ఉన్న గాలి నుంచే తీసుకుంటుంది కాబట్టి కొన్ని గంటల్లోనే కరిగిపోతుంది. అయినా గుడ్డ చుట్టిన మంచు సీసాకు ఒళ్లు ఆనించి పడుకునే కుందేలుకు అది పెద్ద ఊరట. మధ్యాహ్నానికి మార్చడానికి రెండో సీసా ఫ్రీజర్‌లో ఉండాలి. సీసాను నిండా నింపకూడదు, నీరు గడ్డకడితే తొమ్మిది శాతం దాకా ఉబ్బుతుంది.

తడి గోనెసంచి సంగతి ఇంకాస్త ఆసక్తికరం. మే నెల పొడి మధ్యాహ్నం 40 డిగ్రీల వేడి, 20 శాతం తేమ ఉన్నప్పుడు తడిగుడ్డ నుంచి నీరు ఆవిరవుతూ సిద్ధాంతరీత్యా 22 డిగ్రీల దాకా చల్లబడగలదు. జులైలో 33 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న రోజున అదే గుడ్డ 30 కన్నా కిందికి దిగదు. అంటే వేసవిలో ప్రాణం కాపాడిన గోనెసంచి వానాకాలంలో పనికిరాదు. పనికిరాకపోవడమే కాదు, ఆ తడిలో కాక్సిడియా అనే పరాన్నజీవి గుడ్లు బతికి పిల్లల పేగులను, కాలేయాన్ని దెబ్బతీస్తాయి. పాలు మానే వయసులో పిల్లలు చనిపోవడానికి కాక్సిడియోసిస్ ఒక ముఖ్య కారణం. కాబట్టి రుతుపవనాలు రాగానే గోనెసంచులు తీసేసి, రెట్ట కిందికి రాలిపోయే జాలీ అడుగు, గాలి ఆడే షెడ్డు మీద దృష్టి పెట్టాలి. జాలీ మీద ఒక మూల పలక వేయాలి, లేకపోతే అరికాళ్లకు పుండ్లు పడతాయి. రేకుల కప్పు ఉంటే పైన గడ్డి కప్పాలి. కాలిన రేకు నుంచి కిందికి ప్రసరించే వేడి గాలి ఉష్ణోగ్రతలో కనిపించదు, కుందేలు వీపుకు మాత్రం తెలుస్తుంది.

వేడి దెబ్బ మగ కుందేలుకు ఇంకో రకంగా తగులుతుంది. వీర్యకణం తయారవడానికి దాదాపు ఏడు వారాలు పడుతుంది. మే నెల ఎండలో దెబ్బతిన్న కణాల ప్రభావం జులై, ఆగస్టు దాకా ఉంటుంది. ఆడదాన్ని ఎన్నిసార్లు చూపినా కట్టకపోతే లోపం ఆడదానిదే అనుకుని అమ్మేసేవారున్నారు. చాలాసార్లు ఆ లోపం గడిచిపోయిన వేసవిది. అందుకే జంషెడ్‌పూర్ వాతావరణంలో జత కలపడం అక్టోబరులో మొదలుపెట్టి జనవరి చివరికి ఆపడం మేలు. జనవరి నెలాఖరున కట్టిన ఆడది మార్చి మొదట్లో ఈనుతుంది, ఏప్రిల్ మధ్యకు పిల్లలు పాలు మానతాయి. లూ గాలులు ముదిరేలోగా తల్లికి కాస్త విశ్రాంతి దొరుకుతుంది.

ఆడదాన్నే మగదాని బోనులోకి తీసుకెళ్లాలి. తన బోనులోకి వచ్చిన మగదాన్ని ఆడది కరిచి తరుముతుంది. కుందేలుకు పశువుల్లా ఎదకాలం లెక్క ఉండదు. జత కలిసిన పది, పన్నెండు గంటల తర్వాతే అండం విడుదలవుతుంది. గర్భకాలం సుమారు 31 రోజులు. 12 నుంచి 14 రోజుల మధ్య పొట్టను వేళ్లతో సున్నితంగా తడిమి చూసి గర్భం తెలుసుకోవచ్చు, కానీ అది చూసి నేర్చుకోవలసిన పని. 28వ రోజున ఎండుగడ్డి పరిచిన పెట్టె పెట్టాలి. తల్లి తన పొట్ట బొచ్చు పీకి గూడు వేస్తుంది. ఈనిన తర్వాత కొత్తవారు ఎక్కువగా కంగారు పడేది, తల్లి పిల్లల దగ్గర ఉండటం లేదని. కుందేలు రోజుకు ఒకసారి, కొద్ది నిమిషాలే పాలిస్తుంది. వేటాడే జంతువులకు గూడు జాడ తెలియకుండా ఉండే అలవాటు అది. పిల్లల పొట్టలు గుండ్రంగా ఉన్నాయా లేదా అన్నదే చూడాలి.

ప్రదర్శన కుందేలు అంటే జాతి ప్రమాణానికి ఎంత దగ్గరగా ఉందో కొలిచి చూడదగ్గ కుందేలు. అమెరికాలో 1910లో మొదలైన రాబిట్ బ్రీడర్స్ అసోసియేషన్ దాదాపు 50 జాతులకు ప్రమాణాలు రాసింది. ఒక్కో జాతికి శరీర ఆకృతి, బొచ్చు, చెవులు, రంగు వంటివాటికి కలిపి 100 మార్కులు. అక్కడ ఎడమ చెవిలో పచ్చబొట్టు సంఖ్య లేని కుందేలును బల్ల ఎక్కించరు. బ్రిటన్‌లో పచ్చబొట్టుకు బదులు వెనక కాలికి ఉంగరం వేస్తారు. మన దేశంలో కుందేలు ఎక్కువగా మాంసానికి, ఉన్నికి వచ్చిన జంతువు. రాజస్థాన్‌లోని అవికానగర్‌లో ఉన్న కేంద్ర గొర్రెల, ఉన్ని పరిశోధన సంస్థ, కొడైకెనాల్ కొండల్లోని మన్నవనూర్‌లో దాని ప్రాంతీయ కేంద్రం కుందేళ్లపై చేసిన పని ఆ దారిలోదే. తెల్ల జెయింట్, సోవియట్ చించిల్లా వంటి జాతులను అక్కడ పెంచారు. నమ్మకమైన వంశ వివరాలతో మొదటి జత కొనాలంటే ఇలాంటి సంస్థలను సంప్రదించడం రోడ్డు పక్కన బుట్టలో కొనడం కన్నా మంచిది. కొండ ప్రాంతం నుంచి తెచ్చేది నవంబరులో తేవాలి, వేసవిలోపు ఒంటికి అలవాటు కావాలి.

1920లలో అమెరికాలో రూపొందిన కాలిఫోర్నియన్ జాతిని చూస్తే జంషెడ్‌పూర్ ఎండ ప్రదర్శన బల్ల మీదకు ఎలా వస్తుందో తెలుస్తుంది. తెల్లటి ఒళ్లు, నల్లటి ముక్కు, చెవులు, పాదాలు, తోక దాని గుర్తులు. నలుపు రంగు తయారుచేసే టైరోసినేజ్ ఎంజైము ఇందులో వేడికి తట్టుకోలేని రూపంలో ఉంటుంది. వెచ్చని ఒంటి మీద పనిచేయదు, చల్లగా ఉండే చివర్లలోనే పనిచేస్తుంది. ఇదే జన్యువున్న హిమాలయన్ కుందేలు వీపు మీద బొచ్చు గీసి, మంచు సంచి కట్టి ఉంచితే అక్కడ నల్ల బొచ్చు మొలిచిన ప్రయోగం జన్యుశాస్త్ర పాఠాల్లో ప్రసిద్ధం. ఎండాకాలంలో పెరిగిన బొచ్చులో ఈ నలుపు వెలిసిపోతుంది. అదే కుందేలు జనవరిలో గెలిచి జూన్‌లో ఓడిపోతే అది న్యాయనిర్ణేత పక్షపాతం కాకపోవచ్చు.

అందం కోసం కట్టే లెక్కల్లో కొన్ని క్రూరమైనవి కూడా ఉన్నాయి. అరచేతిలో పట్టే నెదర్లాండ్ డ్వార్ఫ్ పొట్టిదనం ఒక జన్యువు వల్ల వస్తుంది. ఆ జన్యువు ఒక ప్రతి ఉంటే ముద్దుగా పొట్టిగా ఉంటుంది, రెండు ప్రతులు వస్తే పిల్ల కొద్ది రోజుల్లో చనిపోతుంది. రెండు పొట్టి కుందేళ్లను జత కలిపితే సగటున నాలుగింట ఒక పిల్ల ఇలా పోవలసిందే. పొట్టిదాన్ని, అదే జాతిలో ఆ జన్యువు లేని కాస్త పెద్దదానితో కలిపితే సగం పిల్లలు పొట్టివి వస్తాయి, ఒక్కటీ ఈ కారణంతో చావదు. చుక్కల ఇంగ్లిష్ స్పాట్ జాతిదీ ఇదే కథ. బల్ల మీద గెలిచే చుక్కల అమరిక ఒకే ప్రతి ఉన్నప్పుడే వస్తుంది. రెండు ప్రతులు ఉన్నవాటికి రంగు దాదాపు పోయి, మూతి మీద మీసంలాంటి మచ్చ మిగులుతుంది. వాటిని ‘చార్లీ’లు అంటారు. వాటికి పెద్దపేగు ఉబ్బిపోయే జబ్బు వస్తుంది. చుక్కలదాన్ని నిండు రంగుదానితో కలపడమే సరైన పద్ధతి.

మేత విషయం తక్కువ మాటల్లో చెప్పవచ్చు. రోజంతా ఎండుగడ్డి, కొలిచిన దాణా, కొద్దిగా పచ్చిమేత, ఎప్పుడూ చల్లని నీళ్లు. జీవితాంతం పెరిగే పళ్లను అరగదీసేది గడ్డే. పై పళ్లు కింది పళ్ల మీద సరిగా కూర్చోని కుందేలును ప్రదర్శనలో అనర్హంగా తీసేస్తారు, దాన్ని పెంపకానికీ వాడకూడదు. వానాకాలంలో బూజు పట్టిన వేరుశనగ చెక్కలోని అఫ్లాటాక్సిన్‌ను కుందేలు అసలు తట్టుకోలేదు. ఇంట్లో మిగిలిన అమాక్సిసిలిన్ మందును నోటి ద్వారా ఇస్తే పేగులోని మంచి బ్యాక్టీరియా చచ్చి కుందేలు ప్రాణం పోవచ్చు. కుక్కల గోమార్లకు వాడే ఫిప్రోనిల్ కూడా దానికి విషమే.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్న సామెత పెంపకందారులకు బాగా అతుకుతుంది. దానికి విరుగుడు నోటుపుస్తకం. జత కలిపిన తేదీ, ఈనిన తేదీ, పుట్టినవెన్ని, బతికినవెన్ని, ఎనిమిది వారాల బరువు, మూడు తరాల వంశం అందులో ఉండాలి. ఒక ఆడది ఏడాదికి నాలుగుసార్లు, ఆరేసి పిల్లలు పెడితే 24 అవుతాయి. వాటిలో బల్ల ఎక్కేవి రెండో మూడో ఉంటే గొప్ప. మిగతా ఇరవై ఎక్కడికి వెళ్తాయో, ఆడ మగ పిల్లలను మూడో నెలలోపు వేరుచేయడానికి ఎన్ని బోనులు కావాలో జత కలపకముందే ఆ పుస్తకంలో రాసుకోవాలి.