పెద్దాసుపత్రికి ఎందుకు పంపుతారు?

ఒడిశాలోని గంజాం జిల్లా పల్లెల్లో ఎవరినైనా పాము కరిస్తే మంత్రాలతో పొద్దుపుచ్చకుండా, ముందు దగ్గరి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అక్కడ గాజు గొట్టంలో కాస్త రక్తం పోసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, వంచి చూస్తారు. గడ్డకట్టకుండా జారితే రక్తపింజర లాంటి పాము విషం ఎక్కిందన్నమాట. వెంటనే విరుగుడు మందు ఎక్కిస్తారు.

మరి అక్కడి నుంచి బరంపురం పెద్దాసుపత్రికి ఎందుకు పంపుతారు? కట్లపాము విషం ఊపిరి తీసుకునే కండరాలను చచ్చుబడేలా చేస్తుంది. అప్పుడు ఊపిరి అందించడానికి వెంటిలేటరు, రాత్రంతా కనిపెట్టుకుని ఉండే నర్సులు కావాలి. మూత్రపిండాలు దెబ్బతింటే డయాలసిస్ చేయాలి. అందుకే బరంపురంలో 1962లో మొదలైన ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రికి పంపుతారు. దానికి పర్లాకిమిడి మహారాజు కృష్ణచంద్ర గజపతి పేరు పెట్టారు.

అక్కడ మామూలు జ్వరానికైతే ఓపీలో వరుసగా చూస్తారు. పాముకాటు లాంటి అత్యవసర కేసులు వెళ్లే క్యాజువాలిటీలో మాత్రం ముందొచ్చినవారిని కాదు, ప్రాణం మీదికొచ్చినవారిని ముందు చూస్తారు.